అగ్రాసనాధిపతి యడిగిన ప్రశ్న

శరదృతు సాయంసమయమున గోదావరీ సైకతములపై విరిసిన రెల్లుపూలు మందమారుతమున నూగుచు భూమికి దిగివచ్చిన శుభ్రమేఘమాలికలవలె భాసిల్లుచుండ, అస్తమించుచున్న భానుబింబము నదీజలములను గుంకుమవర్ణమున నలంకరించుచుండ, రాజమహేంద్రవరమునందలి యొక విశాలమంటపమున బూర్వాచార పరిరక్షణ మహాసభ కొలువుదీఱి యుండెను. బాల్యవివాహములను నిషేధింపబూనిన నూతనశాసనమును బ్రతిఘటించుటయే యా సభోద్దేశము.

అగ్రాసనాధిపతి వేదవేదాంగపారంగతుడగు విశ్వపత్యవధానులు. ఆయన ధర్మపత్ని పేరిందేవమ్మ యేడవయేట నత్తవారింట నడుగిడి యఱువది వత్సరములు కాపురము సేసి పురాణార్థవివరణమున బండితులకు సైత మాశ్చర్యము గొల్పు ప్రజ్ఞ గడించినది. ఆ శాసనమును ఖండించు తీర్మానమును సమర్థించి ప్రసంగింతునని యామె కోరగా సభలో గలకలము చెలరేగెను. స్త్రీ వేదిక నెక్కినచో సభయే యాచారభ్రష్ట మగునని కార్యదర్శి సుదర్శనాచార్యులు వాదించెను. ఒక్క స్త్రీయైన సమర్థింపనిచో బత్రికలు పరిహసించునని మఱికొందఱు వాదించిరి. తుదకు దెరచాటునుండి మాటాడుట కనుజ్ఞ లభించెను.

అదృశ్యమైన యా కంఠస్వరము దూరమునుండి వినవచ్చు వీణానాదమువలె మంటపమున బ్రసరింప సభ్యులు స్వప్నమగ్నులవలె నాలకించిరి.

"ఏడవయేట నత్తింటికి వచ్చితిని. మునిమాపువేళ దల్లిని దలచుకొని యేడ్చెడిదానను. కొన్ని మాసముల కా యేడ్పు దానంతటనే యడగెను. నేటి బాలికలకును నడగును."

కరతాళధ్వనులు మిన్నుముట్టెను. తీర్మానమును సభ ముందుంచుటకు లేచిన యవధానులు మాత్రము తీర్మానము మాట మఱచి తెరవైపు దిరిగెను.

"ఏడ్చేదానివా? నాతో ఎప్పుడూ అనలేదేమే?"

తెర వెనుకనుండి మెల్లగా బ్రత్యుత్తరము వచ్చెను.

"మీరు పక్కగదిలో వేదం వల్లె వేస్తూ ఉండేవారు. మీ పాఠం తప్పిపోతుందని పరికిణీ చెరగు నోట్లో కుక్కుకునేదాన్ని."

అవధానులు సభకు జేతులు జోడించి "క్షమింపుడు. ఈ తీర్మానము నాచేత గాదు" అని వేదిక దిగెను. ద్రోహి యని కొందఱు కేకలు వేసిరి. సుదర్శనాచార్యు లగ్రాసనము నధిష్ఠించి యా తీర్మానమును నెగ్గించెను.

తిరుగుదారిని జట్కాలో బేరిందేవమ్మ కోపము దాచుకొనలేదు.

"నా వాదమంతా చెడగొట్టారు. నేనా మాట అందుకా అన్నాను?"

"అందుక్కాదు. కాని నేను విన్నానుగా" అని యాయన యామెవైపు దిరిగి, "మీ అమ్మ ఎలా ఉండేదే?" అని యడిగెను.

ఆమె చాలసే పాలోచించెను. కోప మెప్పుడు కరగిపోయెనో యామెకే తెలియదు.

"మొహం గుర్తులేదండీ. జడ వేస్తుంటే గాజులు చప్పుడయ్యేవి. అంతే."

ఇల్లు చేరువఱకు నా వృద్ధు డెన్నడో యుడిగిన యా గాజుల సవ్వడికై చెవి యొగ్గి కూర్చుండెను.