కదలని అల

ఆ ల్యాబ్‌లో ప్రయోగం నడిచేది నిమిషమో, రెండు నిమిషాలో. ట్యాంకు వేడెక్కడానికి మాత్రం ఒక పూట పడుతుంది. నూనెలాంటి ద్రవాన్ని అందులో మరిగించి, చిక్కటి ఆవిరి చేసి, వాల్వ్ తీస్తే అది ధ్వనిని మించిన వేగంతో ఇరుకు గొట్టంలోకి దూకుతుంది. అక్కడున్న ఉక్కు ముక్క మొనకు తగలగానే షాక్ వేవ్ అనే ఒత్తిడి అల పుడుతుంది. అద్దపు కిటికీలోంచి కెమెరా దాన్ని నల్లటి గీతగా పడుతుంది. గాలైతే పుస్తకంలో రాసినట్టు బుద్ధిగా నడుచుకునేది. ఈ ఆవిరికి అంత వినయం లేదు. ట్యాంకులో ఒత్తిడి తగ్గేకొద్దీ గీత వాలు కూడా మారాలి. ఎంత మారుతుందో కొలవడమే ఆవిరమ్మ థీసిస్.

ల్యాబ్ వాళ్లు పెట్టిన పేరు అది. ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. "ఇన్నేళ్లుగా ఆవిరి పడుతున్నావు, ఇంకా జలుబు తగ్గలేదటే?" అని పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది.

ఈమధ్య ఫోటోల్లో రెండో గీత ఒకటి ప్రత్యక్షమైంది. దాని వాలు ఏ సిద్ధాంతానికీ అందదు. అందకపోవడమే గైడ్ గారికి రుజువు. "కొత్త అల!" అని ప్రకటించి, దానికి తన ఇంటిపేరు కూడా పెట్టేసుకున్నారు. బారసాల ఒక్కటే తక్కువ.

ఆవిరమ్మ నచ్చజెప్పబోయింది. "సార్, ట్యాంకు ఖాళీ అవుతుంటే అల కదలాలి. ఇది ఉలకదు, పలకదు."

"నిలకడమ్మా! దాని గొప్పతనమే అది."

"అది అద్దం మీద గీత సార్. మొన్న ఫోటోగ్రాఫర్ వచ్చినప్పుడు మీరు ఉంగరం చేత్తో తుడిచారు కదా..."

"అద్దం మీద గీతలైతే కంప్యూటర్ తీసెయ్యదూ? ముందే ఖాళీ అద్దాన్ని ఫోటో తీసి, అందులో ఉన్నవన్నీ చెరిపెయ్యమని నేర్పింది ఎవరు? నేను కాదూ?"

"ఆ ఫోటో అద్దం చల్లగా ఉన్నప్పుడు తీస్తాం సార్. వేడెక్కాక అద్దం వెంట్రుకవాసి జరుగుతుంది. కంప్యూటర్ పాత చోట చెరుపుతుంది, గీత పక్కన నిక్షేపంగా ఉంటుంది."

గైడ్ గారు గొంతు తగ్గించారు. "రేపు నీ పని చూడ్డానికి నిపుణులొస్తున్నారు. కొత్త అల ఉంటే నీ థీసిస్ ఉంటుంది. లేదంటావా, ఇంకో రెండేళ్లు ఆవిరి పట్టుకో తల్లీ."

మర్నాడు ముగ్గురు నిపుణులు వచ్చారు. కంట్రోల్ గది గోడ ఎంత దళసరి అంటే గొట్టం మోత ఇవతలికి చీమంత కూడా వినపడదు. ట్యాంకు వేడెక్కింది, అద్దం వేడెక్కింది, అందరికంటే ముందు గైడ్ గారు వేడెక్కారు. అతిథుల వైపు తిరిగి, సినిమా దర్శకుడిలా చెయ్యి ఎత్తి దించారు.

ఆవిరమ్మ చెయ్యి వాల్వ్ బటన్ మీదే ఉంది. నొక్కలేదు.

తెర మీద గీత నల్లగా, నిండుగా నిలబడింది.

"చూశారా! ధ్వనికి ఒకటిన్నర రెట్ల వేగంలో కూడా బెదరట్లేదు!" ఉక్కు మొన దగ్గర ఉండాల్సిన అసలు గీత లేదని ఆయన గమనించనే లేదు.

నిపుణుల్లో పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది. "ట్యాంకు ఒత్తిడి చూపించే ముల్లు దిగట్లేదేంటమ్మా?"

"వాల్వ్ ఇంకా తియ్యలేదండీ," అంది ఆవిరమ్మ. రెండేళ్లు కళ్లముందు కనపడ్డాయి, వాటి వెనకే పిన్ని.

గైడ్ గారు నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు. అందులోంచి ఆవిరి కూడా రాలేదు.

"అయితే ఇప్పుడు తియ్యి," అంది పెద్దావిడ.

ఆవిరమ్మ నొక్కింది. ఉక్కు మొన మీంచి సన్నటి గీత ఒకటి వణుకుతూ లేచింది. పెద్ద గీత పక్కన అది పేదరాలిలా ఉంది. కానీ ట్యాంకు ముల్లు దిగుతుంటే, దాంతోపాటు మెల్లగా వాలు మార్చుకుంటోంది.

పెద్దావిడ కుర్చీ ముందుకు లాక్కుంది. "కదులుతోంది!"

"కొంచెమేనండీ. కొలవడానికి సరిపోతుంది."

"ఇంకేం, రాసెయ్యి. ఆ రెండో దాన్ని మాత్రం అద్దాల షాపుకి పంపించు."

గైడ్ గారికి అప్పటికి ప్రాణం లేచొచ్చింది. "మీరు తేడా పసిగడతారో లేదోనని నేనే వాల్వ్ తియ్యొద్దన్నాను," అన్నారు నవ్వుతూ, ఉంగరం చేతిని ప్యాంటు జేబులోకి దోపుకుంటూ.

"అవునండీ," అంది ఆవిరమ్మ, తలుపు దగ్గరున్న మూడో నిపుణుడికి కూడా వినపడేలా. "ఇంతకీ సార్, మీ ఇంటిపేరు ఏ గీతకి ఉంచమంటారు?"