ఎనిమిది వందల నలభై నొక్కులు

ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడెవడో నాకు తెలియదు. తెలిస్తే ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, మా ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చోబెట్టి తమాషా చూసేదాన్ని. రోగి వివరాలకి ముప్పై ఏడు గడులు పెట్టాడు మహానుభావుడు. ఎంటర్ నొక్కితే పక్క గడికి వెళ్లదు, ఫారమ్ మొత్తం పంపేస్తుంది. సగం నింపి పంపావేమని మళ్లీ మన మీదే ఎర్రక్షరాలతో అరుస్తుంది. 'సేవ్' పక్కనే, ఒళ్లూ ఒళ్లూ రాసుకుంటూ 'క్లియర్' ఉంటుంది. రెండూ ఒకే రంగు.

అన్నిటికంటే ఘోరం పుట్టినతేదీ. అంకెలు కొడితే తీసుకోదు. ఒక కేలండర్ తెరుచుకుంటుంది, అదీ ఈ నెల దగ్గర. అక్కడి నుంచి ఎడమవైపు బాణం నొక్కుతూ ఒక్కో నెలా వెనక్కి వెళ్లాలి. డెబ్బై ఏళ్ల మనిషి వస్తే ఎనిమిది వందల నలభై నొక్కులు. సపోర్టు వాళ్లకి ఫోన్ చేస్తే "ఒకసారి రీస్టార్ట్ చేసి చూశారా మేడమ్?" అన్నారు. చేశాను. కేలండర్ మళ్లీ ఈ నెల దగ్గరే తెరుచుకుంది.

కౌంటర్లు రెండు. ఒకటి నాది, రెండోది అక్కయ్యది. అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు. ఆయాల నుంచి పెద్ద డాక్టరు దాకా ఆవిడ అందరికీ అక్కయ్యే. కాగితం రిజిస్టర్లున్న రోజుల నుంచీ ఆ కుర్చీలోనే ఉంది. మౌసు పట్టుకుని పట్టుకుని కుడి మణికట్టు వాచిపోయింది. నొప్పి తెలియకుండా ఉండటానికి బాణం నొక్కుతున్నంతసేపూ ఎదుటి మనిషితో కబుర్లు చెప్పేది.

"ఇదిగో తాతగారూ, మీ రిటైర్మెంటు దాటాం. ఇప్పుడు మీ పెద్దమ్మాయి పుట్టింది. ఆగండాగండి, పెళ్లి వచ్చింది. అబ్బో, ఎంత సిగ్గో! ఇక నిక్కరేసుకుని బడికెళ్తున్నారు..."

లైను మొత్తం నవ్వేది. ఒకసారి ఒక ముసలావిడ, పెళ్లైన ఏడాది దగ్గరికి రాగానే, "అక్కడ కాసేపు ఆపమ్మా" అంది. అక్కయ్య ఆపింది. నేను మాత్రం నా కౌంటర్లో పళ్లు కొరుక్కుంటూ నొక్కేదాన్ని.

ఆ నవ్వులు ఏ లెక్కలోకీ రావు. మనిషికి రోజుకి అరవై ఫారాలు పూర్తవ్వాలని సూపరింటెండెంటు గారి హుకుం. అక్కయ్యవి నలభై దాటేవి కావు. ఒక మెమో ఇచ్చారు. రెండు నెలలకి ఇంకొకటి. మూడోది వస్తే ఇంటికే.

ఇంటికి అంటే, మామూలుగా ఇంటికి కాదు. అక్కయ్య భర్తకి రెండు కిడ్నీలూ పోయాయి. ఆయన్ని నేను బావగారనే పిలుస్తాను. వారానికి మూడుసార్లు మా ఆసుపత్రిలోనే డయాలసిస్. సిబ్బంది కుటుంబం కాబట్టి ఉచితం. ఇంకో రెండేళ్లు ఎలాగోలా నెట్టుకొచ్చి రిటైరైతే ఆ తర్వాత కూడా ఉచితమే. మధ్యలో ఉద్యోగం పోతే ఆ రోజు నుంచే బయటివాళ్లు. అప్పుడు ఎన్నాళ్లు చేయించగలదో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"ఈ మణికట్టు కన్నా ఆయన కిడ్నీలే నయం," అనేది అక్కయ్య. "పోయి ఊరుకున్నాయి. ఇది పోనూ పోదు, పనీ చెయ్యదు."

అప్పుడు అనుకున్నాను, ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఈ ఫారమ్ దానంతటదే నిండేలా చేస్తానని. నాకు నలభై నాలుగేళ్లు. చదివింది లెక్కల్లేని చదువు. మా తమ్ముడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత జాలిపడి, పారేద్దామనుకున్న ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చాడు. దానిలో 'ఎస్' ఒకసారి నొక్కితే రెండు పడతాయి.

పొద్దున్నే ఇంట్లోవాళ్లు లేవకముందు ఒక గంట, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు అరగంట. అదే నా కాలేజీ. వీడియోల్లో పాఠాలు చెప్పేవాళ్లలో ఒక్కడూ 'చాలా సింపుల్' అనకుండా నోరు తెరవడు. ఆ మాట వినపడితే నాకు ఒళ్లు మండేది. అంత సింపులైతే నేనెందుకు ఏడుస్తున్నాను? ఒక్క కోలన్ పెట్టడం మర్చిపోయి రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. నలభై ఒకటో వరసలో తప్పుందంటుంది కంప్యూటర్. ఆ వరసని కళ్లు కాయలు కాసేలా చూశాను. తప్పు నలభయ్యో వరసలో ఉంది. తప్పు చేసేది ఒకరు, తిట్లు తినేది పక్కవాళ్లు. అచ్చం మా అత్తగారిల్లే.

ఇంటర్నెట్లో ఒకచోట సందేహం అడిగితే, అడిగేముందు వెతకడం నేర్చుకోమని ఎవడో గడ్డి పెట్టాడు. తమ్ముణ్ణి అడిగితే, "అర్థం చేసుకోవడం ఎందుకక్కా, ఎక్కణ్ణుంచైనా కాపీ కొట్టెయ్" అన్నాడు. వాడి మీద కోపంతోనే సగం నేర్చుకున్నాను.

మధ్యాహ్నాలు నేను ల్యాప్‌టాప్ తెరిస్తే అక్కయ్య నా డబ్బా మూత తీసి ముందు పెట్టేది. "తింటూ చదువుకో. నాకెలాగూ కొడుకుల్లేరు, కోడలొచ్చే యోగం లేదు. నీ కంప్యూటర్ కోడైనా వచ్చింది, అదే పదివేలు." ఆ జోకు తనకి తెగ నచ్చేసి, కనపడ్డవాళ్లందరికీ చెప్పింది.

ఐదు నెలలు పట్టింది. చివరికి ప్రోగ్రామ్ నడిచింది. పేరు, పుట్టినతేదీ అంకెలు, చిరునామా, జబ్బు, ఈ నాలుగూ ఒక వరసలో కొట్టి మీట నొక్కితే చాలు. కేలండర్ తెరవడం, బాణం నొక్కుతూ డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లడం, అంతా అదే చేసుకుంటుంది. మిగతా గడుల్లో మామూలుగా ఉండే జవాబులు నింపేస్తుంది. స్పృహలో ఉన్నారా? అవును. యాక్సిడెంట్ కేసా? కాదు. సిబ్బంది కుటుంబమా? కాదు. నూటికి తొంభై తొమ్మిది మందికి అవే జవాబులు. కావాలంటే చేత్తో మార్చుకోవచ్చు.

ఫైలుకి పేరు అడిగితే 'అక్కయ్య' అని పెట్టాను.

"నా పేరెందుకే పిచ్చిదానా!" అంది ఆవిడ. కానీ తెర మీద ఆ పేరుని వేలితో ఒకసారి తడిమి చూసుకుంది.

ఆ వారం అక్కయ్య రోజుకి తొంభై ఫారాలు చేసింది. మణికట్టుకి చుట్టుకున్న పట్టీ తీసేసింది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. తమ్ముడికి వీడియో తీసి పంపితే, వాడు మొదటిసారి జోకు వెయ్యకుండా "నువ్వే రాశావా?" అని అడిగాడు. లైను చకచకా కదిలిపోయేది. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. అక్కయ్య కబుర్లు ఆగిపోయాయని నేను గమనించనైనా లేదు.

లెక్కలు చూసి సూపరింటెండెంటు గారు స్వయంగా కిందికి దిగొచ్చారు. నా కుర్చీ వెనక నిలబడి పది ఫారాలు చూశారు. "ఎవరు చేశారిది?" అన్నారు. నేనే అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఇంజనీరుగారూ!" అన్నారు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఆయన నన్ను 'గారూ' అనడం అదే మొదటిసారి.

"అయితే దీనికి ఇద్దరు అవసరమా?"

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు అక్కయ్య గుర్తు రాలేదు. ఆవిడ నాకు మూడడుగుల దూరంలో కూర్చుని ఉంది, అయినా గుర్తు రాలేదు. నా బుర్రలో ఉన్నదల్లా నా ప్రోగ్రామే. దాన్ని ఎవరో తక్కువగా అంచనా వేస్తున్నారనిపించింది.

"ఇద్దరెందుకు సార్," అన్నాను. "ఒక్కరు కూడా ఎక్కువే."

పక్క కౌంటర్లో మీటల చప్పుడు ఆగింది.

మూడో మెమో రాలేదు. దాని బదులు నెలాఖరుకి రెండో కౌంటర్ మూసేసి అక్కయ్యని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఆర్డరు వచ్చింది. నేను మేడ మీదికి పరిగెత్తాను. అందులో ఇంకా తప్పులున్నాయి సార్, ఎప్పుడైనా ఆగిపోవచ్చు సార్, అని ప్రాధేయపడ్డాను. బావగారి సంగతీ చెప్పాను. ఆయన బాధపడ్డారు కూడా. "పాపం" అన్నారు. ఆ తర్వాత, "తప్పులుంటే దిద్దుకోండి, మీకు రాని పనా?" అన్నారు.

కిందికి వచ్చి అక్కయ్య ముందు నిలబడ్డాను. ఆవిడే అంది, "నువ్వన్నది నిజమే కదమ్మా. అబద్ధం చెప్పలేదుగా." చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆ నెలలోనే ఒకరోజు సూపరింటెండెంటు గారు గుమ్మంలోంచి కేకేశారు. "అక్కయ్య బాగా పనిచేస్తోందా?"

అక్కయ్య లేచి నిలబడింది. "చేస్తున్నాను సార్."

"మిమ్మల్ని కాదు," అన్నారాయన, నా తెర వైపు చూపించి.

ఆవిడ కూర్చుంది. కూర్చుని, మౌసు సర్దుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచాను. ప్రోగ్రామ్‌ని పాడుచేద్దామని. పెద్ద పనేం కాదు. నలభయ్యో వరసలో కోలన్ తీసేశాను. నడిపి చూస్తే ఎర్రక్షరాలు. దీన్ని ఇలాగే తీసుకెళ్లి కౌంటర్లో పెడితే చాలు. 'చెప్పానుగా సార్, నమ్ముకోలేం' అనొచ్చు. రెండో కౌంటర్ ఉంటుంది. రెండేళ్లు గడుస్తాయి. మూడో మెమో రాకుండా నేనే నావి కొన్ని ఆవిడ పేరు మీద కొట్టొచ్చు.

ఆ ఎర్రక్షరాల వైపు ఎంతసేపు చూశానో. సూపరింటెండెంటు గారు 'ఆఁ, అనుకున్నాను, కౌంటర్లో కూర్చునే మనిషి రాసింది ఎన్నాళ్లు పనిచేస్తుందిలే' అని నవ్వడం కళ్లకి కట్టింది. తమ్ముడు నవ్వడం కూడా. నా చెయ్యి దానంతటదే వెళ్లి కోలన్ మళ్లీ పెట్టేసింది. భయపడి పెట్టానని చెప్పుకోవచ్చు, జనం నమ్ముతారు కూడా. భయం కాదు. నేను రాసినదాంట్లో తప్పుందని ఎవరైనా అంటే ఓర్చుకోలేను, అంతే. అంత చిన్న బుద్ధి నాది.

నెలాఖరుకి అక్కయ్య వెళ్లిపోయింది. రెండో కౌంటర్ అద్దానికి లోపలి నుంచి కాగితం అంటించారు.

తర్వాతి వారం, డయాలసిస్ రోజున, లైనులో బావగారు కనిపించారు. పక్కన అక్కయ్య, ఆయన మోచెయ్యి పట్టుకుని. ఇన్నేళ్లూ వాళ్లు పక్క తలుపులోంచి నేరుగా వార్డుకి వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఏడుగురి వెనక నిలబడ్డారు. నేను లేచి పిలవబోతే, వద్దన్నట్టు అక్కయ్య తల ఊపింది. ఆ ఏడుగురూ అయ్యేదాకా నిలబడే ఉన్నారు.

బావగారి పేరు కొట్టాను. పుట్టినతేదీ నన్నడగనివ్వకుండా ఆవిడే చెప్పింది. మీట నొక్కాను. కళ్లు మూసి తెరిచేలోగా ముప్పై ఏడు గడులూ నిండాయి. ముప్పై ఒకటో గడి: సిబ్బంది కుటుంబమా? కాదు.

చేత్తో 'అవును' అని మార్చాను. సిబ్బంది నంబరు అడిగింది. అక్కయ్య నంబరు నాకు నోటికి వచ్చు. కొట్టాను. 'ఈ నంబరు చెల్లదు' అంది. మళ్లీ కొట్టాను. చెల్లదు. తప్పు కొట్టానేమోనని ఒక్కో అంకే చూసుకుంటూ మూడోసారి కొట్టాను. నా నంబరు కొట్టి, సంబంధం దగ్గర 'అన్నయ్య' అని రాస్తే ఒప్పుకుంటుందని నాకు తెలుసు. ఒక నెలో రెండు నెలలో ఎవరూ చూడరు. తర్వాత చూస్తారు. మీటల మీద వేళ్లు పెట్టి అలాగే ఉండిపోయాను. వెనక ఎవరో విసుక్కున్నారు.

అద్దం ఇవతలికి వంగి అక్కయ్య మెల్లగా అంది, "కాదనే ఉంచమ్మా. వెనక జనం ఉన్నారు."

ఉంచాను. చీటీ బయటికి వచ్చింది. ఆవిడ అందుకుని, పాత అలవాటు కొద్దీ, కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందిదాకా ఒక్కో గడీ చదివింది. రిజిస్టర్ల రోజుల్లో నా ఎంట్రీలు కూడా అలాగే చదివి, తప్పుంటే పెన్సిలుతో సున్నా చుట్టేది.

"ఒక్క తప్పు కూడా లేదే," అంది. "బాగా నేర్చుకున్నావు."

దెప్పిపొడవడం ఆవిడకి చేతకాదు. నిజంగానే అంది. బావగారి మోచెయ్యి పట్టుకుని బిల్లు కౌంటర్ వైపు నడిచింది.