కుందేలు చెవులు

బాయిలర్ల దగ్గర పనిచేసి చేసి మిస్త్రీకి చెవులు పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. అందుకే పాప పుట్టగానే అతని భార్య ఒక కుందేలు బొమ్మ కొనుక్కొచ్చింది. చప్పుడైతే చాలు, దాని చెవులు నిక్కబొడుచుకుంటాయి. పక్కగదిలో పాప ఏడిస్తే కుందేలు చెవులు లేచేవి, మిస్త్రీ చేతిలో పని పడేసి పరిగెత్తేవాడు. "నా చెవులు బల్ల మీదున్నాయి, చూసి కూర్చోండి" అని వచ్చినవాళ్లతో వేళాకోళమాడేవాడు.

జ్వరమొచ్చి పాప పోయింది. బొమ్మని తీసెయ్యడానికి ఇద్దరికీ మనసొప్పలేదు.

ఆ తర్వాత కూడా అతను బల్ల ముందు కూర్చున్నప్పుడల్లా కుందేలు చెవులు లేస్తూనే ఉన్నాయి. ఉయ్యాల ఖాళీ. అంటే ఆవిడే వంటింట్లో ఏడుస్తోందన్నమాట. తన ఎదుట మాత్రం కన్ను తడవనివ్వదు. పాప ఆవిడ ఒక్కదానికే బిడ్డా? తనేమైనా పరాయివాడా? మిస్త్రీకి ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఇక ఉండబట్టలేక కుందేలుని పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. ఆవిడ బంగాళాదుంపలు తరుగుతోంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"నా దగ్గర దాచి ఏడవడమెందుకే?" అని నిలదీసి, నోరు మూసుకున్నాడు. కుందేలు చెవులు మాత్రం దిగలేదు.

ఆవిడ కత్తి పక్కన పెట్టి, అతని చెయ్యి తీసి అతని గొంతు మీదే ఆనించింది. లోపల గొంతు సన్నగా అదురుతోంది.

"రోజూ ఇంతే. నీకు తెలీకుండానే ఏడుస్తావు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే ఆపేస్తావని" అంది. "నాకెలాగూ ఏడుపు రావడం లేదు. పాప కోసం నువ్వైనా ఏడుస్తున్నావు కదా అని ఊరుకున్నాను."