ఉంగరపు వేలి గోరు

బొంగరం నిచ్చెన ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. మ్యూజియంలో ఎముకలు అతికే ఆ మనిషికి కాలు ఒకచోట నిలవదని భార్య పెట్టిన పేరది. అలాంటివాడికి అప్పజెప్పిందేమో ఏనుగంత స్లాత్ అస్థిపంజరాన్ని. చెట్లకు వేలాడుతూ నిద్రపోయే ఇప్పటి బద్ధకపు స్లాత్‌లకు, ఎప్పుడో అంతరించిన పెద్ద చుట్టం అది.

పడుచుతనంలో దాన్ని నిలబెట్టింది అతనే. ముందరి పాదంలో ఉంగరపు వేలి కొస దొరకలేదు. పక్కవేలిని చూసి, ప్లాస్టర్‌తో జానెడు వంకీ గోరు చేసి తగిలించాడు. ఆ హాలు మొత్తంలో అతను సొంతంగా చేసింది అదొక్కటే.

ఇవాళ దాన్ని ఊడదీయాలట. ఎముకల శాస్త్రం చదివిన అమ్మాయి కింద నిలబడి మెల్లగా చెప్పింది.

"దీన్ని వేరే కుటుంబంలోకి మార్చాం బాబాయ్. పళ్లు మళ్లీ చూస్తే తేలింది. ఆ కుటుంబంలో ఉంగరపు వేలికి గోరుండదు."

"మరి ఇన్నేళ్లూ జనం చూసిందో?"

"అందరం పొరబడ్డాం. మీరొక్కరే కాదు."

"తీస్తాలే. పారేయకండి. మా ఆవిడకి చూపించాలి."

ఆమె ఎన్నడూ ఇక్కడికి రాలేదు. "నా ఉంగరపు వేలు బోసిగా ఉంచి దానికి సింగారించావా? నువ్వు కుదురుగా కూచున్న రోజు చెప్పు, వస్తా" అని దెప్పేది. గోరు పగిలితే ఆమెకు చూపించడానికి ఇంకేం లేదు.

లోపలి తీగ తుప్పు పట్టింది. లాగితే ముక్కలే. కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరిగాడు. కిటికీ తెరిచాడు, మూశాడు. ఎడమచెయ్యి పొద్దున్నుంచీ లాగుతోంది. అతని భయమంతా గోరు గురించే. చివరికి సన్నని ఆకురాయితో తీగను అరగదీస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక, గోరు చెక్కుచెదరకుండా అరచేతిలోకి వచ్చింది. ఏడుపొచ్చినంత పనైంది.

కిందికి దిగి, కాపలా మనిషి కుర్చీలో చేరగిలబడ్డాడు. "మా ఆవిడకి ఫోన్ చెయ్యమ్మా. కుదురుగా కూచున్నానని చెప్పు."

ఆమె చెప్పులీడ్చుకుంటూ గబగబా వచ్చింది. "నిజంగానే కూచున్నావే!" అని గుమ్మంలోనే నవ్వింది. దగ్గరికెళ్లి భుజం తట్టింది. మళ్లీ తట్టింది. అతని తల పక్కకి వాలిపోయింది.

అతన్ని తీసుకెళ్లే బండి వచ్చేదాకా ఆమె ఆ కుర్చీ పక్కనే నేలమీద కూర్చుంది. అమ్మాయి గోరును తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"ఇంత ఉంటుందా?" అందామె.

దాని మొదట్లో, ప్లాస్టర్ ఆరకముందే పడిన బొటనవేలి ముద్ర అలాగే ఉంది.