పైకో సీలు, కిందికో సీలు

కాశీబుగ్గలో ట్రాక్టర్ ట్రాలీని ఎత్తే జాకీ నూనె కారిందంటే పాతికేళ్లుగా అందరిదీ ఒకటే మాట: ఈశ్వరరావు షెడ్డుకి పట్టుకెళ్లు. అలాంటి ఈశ్వరరావుకి లోకంలో ఒక్క మనిషి మీద మాత్రం కడుపులో మంట. అతను భాను, భార్య వనజకి సొంత తమ్ముడు. ఆరేళ్లు తన షెడ్డులోనే పని నేర్చుకుని, నిరుడు టెక్కలి రోడ్డులో సొంతంగా షాపు పెట్టాడు. నేలకి టైల్స్ కూడా వేయించాడు. మెకానిక్ షాపుకి టైల్సేమిటని ఈశ్వరరావు నెల్లాళ్లు అందరి దగ్గరా నవ్వాడు. నవ్విన ప్రతిసారీ నోరు చేదెక్కేది.

ఆ పొద్దున్న టీ గ్లాసు చేతికిస్తూ వనజ అంది. "ఇన్నావా? మనోజ్ గారి పెళ్లికారు నేదూ, టాపు లెగిసేది? అది మా భాను కాడికొచ్చింది."

మనోజ్ టెక్కలిలో పెళ్లిళ్లకి కార్లు అద్దెకిస్తాడు. అతని ఎర్ర కారుని వింతగా చూడని ఊరు ఉద్దానంలో లేదు. మీట నొక్కితే పైకప్పు దానంతటదే లేచి, మడతపడి, వెనక డిక్కీలోకి దూరిపోతుంది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వెనక ఎత్తుగా కూర్చుని ఊరేగుతారు. మొన్న బారువ పెళ్లిలో ఆ కప్పుని లేపే సిలిండర్లు రెండూ కారి, పెళ్లికూతురి పట్టుచీర మీద పచ్చటి నూనె మరకలు పడ్డాయి.

"నా కాడికి రానేదేం?"

"నీది ట్రాలీల షెడ్డు కాదేటి" అంది వనజ, చాలా మామూలుగా.

ఈశ్వరరావు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

పది గంటలకి భాను ఫోన్ చేశాడు. "బావా, ఓపాలి వొచ్చి సూసెల్తావేటి? సాయంత్రం అక్కుపల్లిలో ఊరేగింపు. ఇలాటి బండి ముట్టుకోడం నాకిదే మొదలు. నువ్వు సూత్తే ధైర్నం."

పనుందన్నాడు. అని, బండి తీశాడు. సాయానికే వెళ్తున్నానని దారి పొడుగునా తనకి తాను చెప్పుకున్నాడు గానీ, బామ్మర్ది ఎక్కడ చేతులెత్తేస్తాడో చూడాలని అతని మనసు ముందే టెక్కలి చేరిపోయింది.

"రా బావా, ఇలా కూకో" అని భాను కుర్చీ తుడిచాడు. టైల్స్ మీద పరిచిన న్యూస్‌పేపరు పైన చిన్న సిలిండర్లు రెండూ విప్పి ఉన్నాయి. పక్కన గిన్నెలో, నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు మెత్తబడడానికి వేడినీళ్లు. పిస్టన్లకి కొత్త సీళ్లు తొడిగి ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి.

చూడగానే ఈశ్వరరావుకి తప్పు దొరికింది.

ట్రాలీ జాకీలో నూనె కింది నుంచే తోస్తుంది. దిగేటప్పుడు ట్రాలీ తన బరువుకి తనే దిగుతుంది. అందుకని సీలు అంచు కిందికి చూస్తే చాలు. కారు కప్పు అలా కాదు. తెరవడానికి నూనె ఒకవైపు నుంచి తోస్తుంది, మూయడానికి రెండోవైపు నుంచి. ఒక సీలు కిందికి చూడాలి, ఒకటి పైకి చూడాలి. భాను రెండూ కిందికే తొడిగాడు. ఇలాగే బిగిస్తే కప్పు తెరుచుకుంటుంది గానీ మళ్లీ మూసుకోదు. తెలిసేది మనోజ్ కళ్లముందే.

భానుకి ఇంకోలా ఎలా తెలుస్తుంది? రెండువైపులా నూనె తోసే సిలిండర్లు మట్టి తవ్వే ప్రొక్లెయినర్లకి ఉంటాయి. అవి షెడ్డుకి వచ్చినప్పుడల్లా ఈశ్వరరావు ఏదో సామాను పేరు చెప్పి అతన్ని పలాస పంపేసేవాడు.

"ఎలాగున్నాది బావా?"

"బాగుంది" అన్నాడు ఈశ్వరరావు. ఆ మాట అన్నాక లోపల చల్లగా, హాయిగా ఉంది.

"అయితే నాను బేగి ఎల్లి నూనె తెచ్చీత్తాను" అని భాను బండెక్కాడు.

ఈశ్వరరావు ఒక్కడే మిగిలాడు. మనోజ్ తిట్లు ఊహించుకున్నాడు. వనజ మొహం ఊహించుకున్నాడు. తర్వాత ఊళ్లోవాళ్లు అనబోయే మాట కూడా వినబడింది: 'ఈశ్వరరావు కాడ నేర్సుకున్నోడే గదా, అంతే ఉంటాది.' చల్లదనం ఒక్కసారిగా పోయింది. గబగబా పైసీళ్లు రెండూ ఊడదీసి, వేడినీళ్లలో ముంచి, తిరగేసి తొడిగాడు. పిస్టన్లు గొట్టాల్లోకి దించి మూతలు బిగించేశాడు.

వచ్చి చూసిన భాను మొహం వెలిగిపోయింది. "నా పనికి నువ్వు సెయ్యేసినావా బావా!"

సిలిండర్లు కారుకి బిగించి నూనె పోశాక, మూడింటికి మనోజ్ వచ్చి మీట నొక్కాడు. కప్పు లేచింది, మడతపడింది, తిరిగొచ్చి మూసుకుంది. నూనె చుక్క లేదు.

"సెబాసు భానూ! జిల్లాలో నీలాటోడు నేడయ్యా" అంటూ మనోజ్ అతని వీపు తట్టాడు. "బరంపురంలో మా ఫ్రెండుకి అచ్చం ఇలాటి కారే ఉంది. రేపే పంపమంటాను."

ఆ అరచేయి చప్పుడు ఈశ్వరరావుకి చెంప మీద పడినట్టయింది. కారు వెళ్లిపోయింది. భాను ఒక నోటుబుక్కు తీసి పిస్టన్ బొమ్మ గీసుకుంటున్నాడు, రేపటికి పనికొస్తుందని. సీళ్ల పక్కన బాణం గుర్తులు పెట్టాడు. రెండూ కిందికే.

ఈశ్వరరావు చూశాడు. నోరు మూసుకుంటే చాలు. రేపు బరంపురం కారు కప్పు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. సీళ్లు తిరగెయ్యడానికి తను ఉండడు.

"టీ తాగుదామా బావా? ఇయ్యాల నువ్వుండబట్టి సరిపోయింది" అన్నాడు భాను, తలెత్తకుండానే.

"ఆ బొమ్మ తప్పురా."

"ఏటి తప్పు?"

"పైది పైకి సూడాల. నువ్వు నూనెకెళ్లినప్పుడు నానే తిరగేసినాను. నీకు సెప్పకండా."

భాను నోటుబుక్కు దగ్గరికి లాక్కుని బొమ్మ చూశాడు. "ప్రొక్లెయినర్లవి కూడా ఇలాగేనేటి?"

"ఊఁ."

"అందుకేనా నన్ను పలాస తోలీసీవోడివి?"

"నువ్వు నేర్సీసుకుంటే నా కాడికెవుడొత్తాడ్రా?" ఈశ్వరరావు గొంతు పెద్దదైంది. "సూడు, రానేదు గదా!"

భాను పెన్సిలూ రబ్బరూ ముందుకి తోశాడు. "నువ్వే గియ్యి."

ఈశ్వరరావు పై బాణాన్ని చెరిపి, పైకి తిప్పి గీశాడు. గీత వంకరపోయింది. పక్కనున్న భాను గీత తిన్నగా ఉంది. అది కూడా అతను చూడకుండా ఉండలేకపోయాడు.