పాల కవరంత సందు

కిక్కు కొడితే కాలు ఊరికే కిందికి దిగిపోయింది. ఎదురు తన్నే ఊపిరి బండిలో లేదు. ఇరవైసార్లు కొట్టిన మునెప్ప ట్యాంకు మీద తల ఆనించి నిలబడ్డాడు. తెల్లవారుజామున అయిదుంబావు. ఆరింటికి మూకండపల్లి కంపెనీ గేటులో వేలిముద్ర పడాలి. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే మళ్లీ రావద్దని కాంట్రాక్టరు నలుగురిలో చెప్పాడు. ఊరికి తొలి బస్సు ఏడింటికి.

నిన్న మధ్యాహ్నమే కదా బాగు చేయించాడు! పదహారేళ్ల బండి, ఇంజినులో వాల్వులను తట్టే టాపెట్లు టకటకమంటున్నాయని షిఫ్టు దిగి నేరుగా తిమ్మయ్య మెకానిక్ షెడ్డుకు తోలాడు. తిమ్మయ్య ఇంజిను మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు.

"కాలిపోతా ఉండాది. వాల్వుల సందు చూడాలంటే ఇంజిను సల్లగా ఉండల్లప్పా. ఈడ పెట్టి పో, రేపు తీసుకో."

"రేపా? నాలుగింటికి రోజా తోటలో మందు కొట్టేకి పోవల్ల నేను."

"అయితే గంటా గంటన్నర కాదు, మూడు గంటలు కూసో."

మూడు గంటలు కూర్చోగలిగే బతుకైతే ఇంక చెప్పేదేముంది? తెల్లారితే కంపెనీ, పొద్దు వాలితే పూలతోట. పోయినేడాది ఆవులను అమ్మినప్పటినుంచి మునెప్ప కూర్చున్నదంటూ ఉంటే ఆ బండి సీటు మీదే. తిమ్మయ్య అన్నానికి లేచి పోగానే బకెట్టులో నీళ్లు తెచ్చి ఇంజిను మీద గుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది. ఇంకో బకెట్టు. గుడ్డతో తుడిచి, ఏమీ ఎరగనట్టు బల్ల మీద కూర్చున్నాడు.

తిమ్మయ్య వచ్చి మళ్లీ చెయ్యి పెట్టాడు. "ఇంత బిన్నే సల్లబడిందే!"

"నీడలో పెడితిని గదన్నా."

తిమ్మయ్య సందు కొలిచే పలచని గేజీ రేకును వాల్వు దగ్గర దూర్చి, సరిపెట్టి, నట్లు బిగించాడు. బండి సద్దు లేకుండా పోయింది. మునెప్ప దోవంతా లోలోపల నవ్వుకున్నాడు కూడా.

ఇప్పుడు ఆ తిమ్మయ్యకే ఫోను చేశాడు.

"అన్నా, బండి ఊపిరి తీసుకోలేదు."

అవతల పెద్ద ఆవులింత. "నిజం చెప్పు. నిన్న నీళ్లు పోసినావా?"

"నీడలోనే పెడితిని..." అని నసిగాడు మునెప్ప.

"పోసినావులే. వేడిమీద ఉండే సందు వేరు, సల్లబడినంక ఉండేది వేరు. పైన సల్లగుండాది, లోపల మండతా ఉండాది. నేనేమో నీ మాట నమ్మి సరిపెట్టినా. ఇప్పుడా సందే లేదు, వాల్వు మూసుకోదు. ఆవుకు జరమొస్తే నీళ్లు పోసి తగ్గిపోయిందంటావేమప్పా నువ్వు?"

"తప్పయిందన్నా. ఆరింటికి నేను ఆడ ఉండల్ల."

"నేను వచ్చేకి గంట పడతాది. నువ్వే చెయ్యి, నిన్న చూస్తివి గదా. ఒకటి మేలు, ఇప్పుడది నిజంగానే సల్లగుండాది."

"గేజీ రేకు యాడిది నాకాడ?"

"ఇంట్లో పాల కవరుంటే కత్తిరించు. ఆ మందమే మనకు కావల్సింది."

మునెప్ప గుమ్మం వైపు తిరిగాడు. తాతల నాటి నుంచి ఆవులు కాచిన ఇల్లు. ఆ ఇంట్లో కవరు పాలు కొంటున్నారని ఊరికి తెలియకూడదని, ఖాళీ కవర్లు బయట పారెయ్యొద్దని పెళ్లానికి చెప్పింది తనే.

"సుబ్బీ, పాల కవరు యాడుందే?"

సుబ్బక్క ఫోను లైటు పట్టుకుని బయటికి వచ్చింది. "దాసిపెట్టమంటివి గదప్పా. కట్టెల ఎనక కుక్కినా, మూటకు మూట ఉండాయి. ఊరందరి బండ్లకూ సరిపోతాయి."

తిమ్మయ్య ఫోనులో చెబుతుంటే ఇంజిను మూతలు విప్పి, నాలుగో గేరేసి వెనక చక్రం మెల్లగా తిప్పాడు. ఇంజినులోని చక్రం మీది గుర్తు గీత ఎదురొచ్చినచోట ఆపి, నట్టు వదులు చేసి, కవరు పట్టీ దూర్చాడు.

"లాగితే రావల్ల, ఊరికే రాకూడదు," అన్నాడు తిమ్మయ్య.

నట్టు బిగిస్తే పట్టీ ఇరుక్కుంది, సడలిస్తే జారిపోయింది. నాలుగోసారికి ఒక వాల్వు కుదిరింది. రెండోది తొందరగానే కుదిరింది. మూతలు బిగించి కిక్కు కొడితే కాలికి ఎదురు తగిలింది. ఇంకోసారి కొట్టాడు. బండి లేచింది. టకటక మళ్లీ మొదలైంది, కాస్త సన్నగా.

"సద్దు వస్తాంది గదన్నా?"

"రానీ అప్పా. సద్దుంటే సందుండాదని లెక్క. పో!"

గేటు చేరేసరికి ఆరుకు రెండు నిమిషాలు. బొటనవేలు నల్లగా గ్రీజు. వేలిముద్ర మిషను మళ్లీ పెట్టమంది. ప్యాంటుకు రుద్ది పెట్టాడు. మళ్లీ పెట్టమంది.

"ఏమప్పా, ముగ్గు పెడతా ఉండావా? మేమూ పోవల్ల," వెనకనుంచి ఎవరో అరిచారు.

ఉమ్మి తడిచేసి, చొక్కా లోపలి అంచుకు చర్మం మండేదాకా రుద్ది, అదిమి పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. అయిదూ యాభైతొమ్మిది.

లోపల తన మిషను ముందు నిలబడ్డాడు. ఆ లైనులో స్టూలు ఉండదు, ఎనిమిది గంటలు నిలబడాల్సిందే. బయట స్టాండులో బండి అప్పటికే చల్లబడుతోంది.