బొట్టు చెదరని బెల్టు

నెల్లితోపులో నాలుగంతస్తుల భవనానికి రంగు వేస్తూ నా తమ్ముడు వెట్రివేల్ కింద పడ్డాడు. వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. ఆసుపత్రిలో అతని మంచం పక్కన నేను కూర్చుని ఉండగా వాంగ్మూలం రాసుకోవడానికి పోలీసు అళగేశన్ వచ్చాడు. ఆయన వెనకే కాంట్రాక్టర్ జగన్నాథన్ ఒక సంచితో వచ్చాడు.

సంచిలోంచి, ఎత్తున పనిచేసేవాళ్లు నడుముకు కట్టుకునే బెల్టు తీశాడు. రోజూ ఇస్తూనే ఉన్నామనీ, ఆ రోజు వెట్రివేలే వద్దన్నాడనీ చెప్పాడు. అళగేశన్ రాయడం మొదలుపెట్టాడు. ఆ మాట అలాగే నిలిచిపోతే, నా తమ్ముడు తన కాళ్లు తానే పోగొట్టుకున్నవాడవుతాడు.

బెల్టు అడిగి తీసుకున్నాను. బకిల్ మూసి ఉంది. దాని మీద అడ్డంగా చందనం, మధ్యలో గుండ్రంగా కుంకుమ బొట్టు, ఎండిపోయి ఉన్నాయి. పనిముట్లకు బొట్టు పెట్టే ఆయుధపూజ అయి నెలలు గడిచాయి.

“రోజూ ఇచ్చేది ఇదేనా అన్నా?”

“ఇదే టీచరమ్మా. వేరేది యాడుంది?”

“ఒకసారి వేసుకోండి.”

“నేనేంది, పెయింటర్‌నా?” అని నవ్వాడు.

అళగేశన్ నవ్వలేదు. వేసుకోమన్నాడు. జగన్నాథన్ బకిల్ లాగగానే చందనం పగిలి పెళ్లలుగా రాలింది. తెల్లచొక్కా మీద కుంకుమ పడింది.

వెట్రివేల్ కళ్లు తెరిచాడు. “సామిపటం కింద ఉండె సార్ అది. అడిగితే, పూజలో పెట్టింది, ముట్టుకోవద్దన్నారు. ఎవురన్నా ఆఫీసరు చూడను వస్తే గోడకు తగిలిస్తారు. దాన్ని మాత్రం బాగా చూసుకున్నారు.”

అందరూ పూజ చేస్తారు కదా, అందులో తప్పేముందని జగన్నాథన్ గొణిగాడు.

“బళ్లో మేమూ పుస్తకాలు పూజలో పెడతాం. మరునాడే తీసి పిల్లల చేతికిస్తాం,” అన్నాను. “మీరు బెల్టును పటం కింద భద్రంగా పెట్టి, మనిషిని ఉత్తి నడుముతో పైకెక్కించినారు.”

నా గొంతు పెరగలేదు.

అతను చొక్కా దులుపుకుని, బెల్టును సంచిలో వేసుకోబోయాడు. నేను ఒక కొస పట్టుకున్నాను. లాగాడు. నేను వదల్లేదు. అళగేశన్ లేచి బెల్టు తన చేతిలోకి తీసుకున్నాడు. రాసిన వాక్యం కొట్టేశాడు. కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుకుని, మొదటి నుంచి చెప్పమని నా తమ్ముణ్ణి అడిగాడు.